అందరికీ ఒక్క తీరు

నవ్వుకుంట మాట్లాడే మగోళ్లంటే నాకు మంట. ఇది పుట్టుకతోని వచ్చింది గాదు, సుల్తాన్ బజార్ల చీరలమ్మే ఒకని వల్ల వచ్చింది. ఇప్పటికీ ఎవడన్న మా జిరాక్స్ సెంటర్ల కౌంటర్ మీద మోచేతులానిచ్చి, "మేడం, జర నవ్వుండ్రి" అన్నడనుకో, వానికి నల్ల గీతలు పడ్డ కాపీలే ఇచ్చి పంపిస్త. మా ఓనర్ తిడతడు. తిట్టనీ.

వాని సంగతి చెప్పాలంటే ముందు మా సంగతి చెప్పాలె. మాది పాలమూరు దిక్కు. మా నాయిన గుంపు మేస్త్రి. అంటే ఊర్లె కూలోళ్లను జమ చేసి, వాళ్లకు ముందుగాల్నే అడ్వాన్సులిచ్చి, పట్నంల బిల్డింగుల కాడికి తోల్కపోయి పని చేయించెటోడు. ఒక బిల్డరు సగం స్లాబులు పడ్డంక మాయమైండు. ఫోన్ లేదు, ఆఫీసుకు తాళం. వాడు మాయమైతె వానికేం, కూలి పైసలకు కూలోళ్లు నిలబడేది మా ఇంటి ముందట. అందరు మా ఊరోళ్లే, సగం మంది చుట్టాలే. నాయిన ఊర్లె ఐదిండ్ల కాడ అప్పు జేసి అందరికీ కూలి ఇచ్చిండు. వాళ్లు తీసుకొని సంబరంగ పోయిండ్రు. ఆ ఐదుగురి అప్పు మా నెత్తి మీద కూసున్నది.

అప్పటి సంది నాయిన పట్నంల మా కిరాయి రూముల గోడ దిక్కు మొకం పెట్టుకొని పండుకున్నడు. తిన్నవా అంటే ఊ, లేవరాదే అంటే ఊ. నెలలకు నెలలు గట్లనే. వానలు పడ్డంక ఒకనాడు తనంతల తనే లేసి, అంగీ తొడుక్కొని, ఊరికి పోయి మా చెలకల కందులు ఇత్తి వచ్చిండు. ఎకరంన్నర కూడా ఉంటదో లేదో, మట్టి కన్న రాళ్లే ఎక్కువ. గని వచ్చిన రోజు అమ్మను పిలిచి అన్నం పెట్టమన్నడు. తెల్లారి చిక్కడపల్లిల కూలోళ్ల అడ్డా మీద నిలబడ్డడు, పది మందికి పని చూపించినోడు పనికోసం. ఆ చెలక లేకుంటే మా నాయిన లేవకపోవు. అది నాకు తెలుసు, అమ్మకు తెలుసు. అప్పులోళ్లకు గూడ తెలుసు, అందుకే వాళ్ల కండ్లన్నీ దాని మీదనే ఉండె.

అమ్మ ఊరికి పోయి పెద్దమనుషులను కూసోబెట్టింది. మా దిక్కు ఇదొక పద్ధతి. కాయితం ఉండదు, సంతకం ఉండదు, పది మందిల అన్న మాటనే కాయితం. ఏం ఒప్పుకున్నరంటే, మిత్తి బందు, అసలు ఒక్కటే కట్టుడు. ఏటా పంట చేతికొచ్చినంక ఐదుగురికీ సమానంగ కొంత. ఎవనికీ ముందు లేదు, ఎవనికీ ఎక్కువ లేదు, అందరికీ ఒక్క తీరు. మా ఇంటోళ్లు చాటుగ ఒక్కనికి ముట్టజెప్తే మాట తప్పినట్టే, అప్పుడు మిగిలినోళ్లు చెలక రాయించుకుంటరు. అమ్మ సరే అన్నది. నాయిన నేల చూసుకుంట తలూపిండు.

మేము అశోక్ నగర్ల నాలా పక్కన ఒక్క రూముల కిరాయికుంటుంటిమి. అమ్మ చిక్కడపల్లి గల్లీ మొదట్ల టిఫిన్ బండి పెట్టింది. పొద్దుగాల నేను ప్లేట్లు కడిగి, పది కొట్టంగనే జిరాక్స్ సెంటర్కు పోతుంటి. నోటిఫికేషన్ పడ్డదంటే చాలు, హాస్టళ్ల పోరగాళ్లు పోరిలు అంత మీదపడెటోళ్లు. అప్లికేషన్లు నింపుడు, ఫోటోలు ఎక్కించుడు, వాళ్ల కులం సర్టిఫికెట్లు స్కాన్ చేసుడు. డిగ్రీ అయినంక నేను గూడ రెండు పరీక్షలు రాసిన. తర్వాత రాయలే. చదువుకునేటోళ్లకు తీరిక ఉండాలె, మాకేడున్నది.

గసుంటి టైంల వచ్చిండు వాడు.

నారాయణగూడల పుట్టి పెరిగినోడు. సుల్తాన్ బజార్ల ఒక చీరల షాపుల సేల్స్‌మన్. చీర మడత విప్పి, కొంగు తన భుజం మీద ఏసుకొని, అద్దం ముందట తిరిగి చూపించెటోడట. కొననీకి రాని ఆడోళ్లు గూడ వాన్ని చూసి రెండు చీరలు పట్టుకపోతరని వాడే చెప్పుకునెటోడు. పొద్దుగాల బైకు మీద మా బండి కాడికొచ్చి ఇడ్లీ తినుకుంట, హాస్టల్ పిల్లలొక్కొక్కరికీ ఒక్కొక్క మాట. నీ జడ బాగున్నదక్కా. సిద్దిపేట పిల్లలకు ఇంత తెలివెట్లొస్తది. నిన్న రాలేదేంది, నాకు ఇడ్లీ సయించలే. ఆ పిల్లలు నవ్వుడు, వీడు ఇంక జోరెక్కుడు. నాకైతే ఆ ప్లేటు వాని నెత్తి మీద బోర్లించాలనిపించేది.

మొదటి రోజే మా అమ్మను పట్టుకొని, "అత్తమ్మా, చట్నీ జర ఎక్కువెయ్యి" అన్నడు.

"నీకు నేనెప్పుడు అత్తనైన బిడ్డా?" అన్నది అమ్మ.

"ఆడపిల్లలున్న తల్లులందరు నాకు అత్తమ్మలే."

అమ్మ నవ్వింది. చట్నీ రెండు గంటెలు ఏసింది. నాకు కాలింది. "అన్నా, తిన్నంక ప్లేటు ఆ టబ్బుల ఎయ్యి" అన్న, అన్నా అనే మాట నొక్కి.

"అన్నా అనకు మేడం, దండం పెడత. ఇంకేమన్న అను. లఫంగా అను."

"సరే లఫంగా, ప్లేటు టబ్బుల ఎయ్యి."

నేనేదో తిట్టిన అనుకున్న. వాడు పండగ చేసుకున్నడు. రోజూ బైకు దిగుడు తోనే, "లఫంగా వచ్చిండు, ఎవరన్న చూడుండ్రి" అనుకుంట వచ్చెటోడు. సిగ్గు లేనోన్ని తిట్టి లాభం లేదని అప్పుడు సమజైంది.

అయితే కొన్నాళ్లకు వాడు చెడిపోయిండు. చెడిపోయిండు అంటే, నా ముందట వాని నోరు పనిచేయకుండ పోయింది. జిరాక్స్ సెంటర్కు వచ్చి ఆధార్ కార్డు ఇచ్చెటోడు. ఒక కాపీ. తీసుకొని పొయ్యెటోడు. తెల్లారి మళ్ల అదే కార్డు, ఒక కాపీ. పక్కన హాస్టల్ పిల్ల నిలబడి పలకరిస్తే గూడ ఊ కొట్టి ఊకునెటోడు. ఒకనాడు నేనే అడిగిన, "ఇన్ని కాపీలు ఏం జేస్తున్నవ్, గోడకంటిస్తున్నవా?" అని.

"ఏం జేస్తలేను మేడం" అన్నడు. మొకం ఎర్రగైంది. అంత మాటకారి ఆ ఒక్క ముక్క చెప్పనీకి నానా తిప్పలు పడ్డడు.

తర్వాత నాకు జరమొచ్చింది. మూడో రోజు లేసి బండి కాడికి పోతే, వాడు ఇస్త్రీ అంగీ చేతులు మడిచి ప్లేట్లు కడుగుతున్నడు. అమ్మ నాతోని ఒక్క మాట చెప్పలే. చుట్టూ పిల్లలుంటే ఒక్కదాన్ని గూడ చూస్తలేడు, వంచిన తల వంచినట్టే ఉంది. నాకు కోపమొచ్చింది. చెడ్డోడు చెడ్డోని లెక్కనే ఉంటే మనిషికి సుఖంగ ఉంటది గదా. ఆ దినమే నాకు వాని మీద ప్రేమ పడ్డది. చెప్పనీకి సిగ్గేంది, పడ్డది. పోయి వాని చేతుల ప్లేటు గుంజుకొని, "నడువ్, షాపు టైమైతలేదా" అని కసిరిన. నాకు చేతనైన ప్రేమ గంతే.

చెప్పుకోలేదా అంటే, వాడు చెప్పిండు. నారాయణగూడ బ్రిడ్జి కింద చాయ్ తాగుకుంట, చేసుకుంట అన్నడు. మా ఇంటి మీద బాకీలున్నయి, అవి తీరేదాంక ఆ మాట ఎత్తకు అన్న. ఎంత, ఎవరికి, ఎట్లని అడిగిండు. నీకెందుకన్న. మా నాయిన గోడ దిక్కు తిరిగి పండుకున్న సంగతి, పెద్దమనుషుల సంగతి, చీరలమ్మెటోనికి ఎందుకు చెప్పాలె నేను?

ఇగ షావుకారి సంగతి. మా అప్పులోళ్ల ఐదుగురిల చిన్న అప్పు వానిదే, పెద్ద నోరు గూడ వానిదే. ఊర్లె కిరాణం కొట్టు. సామాను కోసం కాచిగూడ హోల్‌సేల్ దుకాణాలకు వచ్చినప్పుడల్లా చిక్కడపల్లి దాంక వచ్చి మా బండి ముందట కూసునెటోడు. ఒప్పందం ఉన్నది గనక అప్పు అడగరాదు. అడగడు. ప్లేటు మీద ప్లేటు ఇడ్లీలు మింగి, మూతి తుడుచుకొని, పైసలియ్యకుండ లేసి, పది మంది వినేటట్టు, "గిరాకి బాగనే ఉన్నదే, ఇంత సంపాదించుకుంట మంది పైసలు మింగి కూసున్నరు" అనెటోడు. అమ్మ తుడిచిన ఇడ్లీ రేకులే మళ్ల తుడిచేది. వాన్ని ఇప్పుడు తలుచుకున్నా నాకు నోట్లె ఉమ్ము ఊరుతది, వాని మొకం మీద ఊంచుదామని.

ఒక పొద్దుగాల ఇది లఫంగా చూసిండు. నవ్వలే. షావుకారి ఎనుక కాచిగూడ దాంక పోయిండట. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వదు.

వారం దాటినంక నడుచుకుంట వచ్చిండు. బైకేదని అడిగిన. వాని మొకం ఎలిగిపోతున్నది. నన్ను పక్కకు పిలిచి, "మేడం, ఇంక ఆ బట్టతలోడు మీ బండి కాడికి రాడు. వాని బాకీ మొత్తం వాని చేతుల పెట్టిన. బైకు అమ్మిన. నీ తరఫున" అన్నడు.

"నా తరఫునా? గట్లనే చెప్పినవా వానితోని?"

"మరి ఎవరి తరఫున చెప్పాలె?"

అప్పుడు చెప్పిన మొత్తం. అందరికీ ఒక్క తీరు అనే మాట, తప్పితే చెలక పోతదనే మాట, నాయిన గోడ మాట. చెప్పుకుంట తిట్టిన. నీకు ఆడోళ్ల ముందట హీరో కావాలని తప్ప ఇంకొకటి తెల్వదు, అడగకుండ మా ఇంట్ల చెయ్యి పెట్టనీకి నువ్వెవనివి, నీ బైకు ఎవడు అమ్మమన్నడు అన్న. ఇడ్లీ తినెటోళ్లు చేతులు ఆపి చూస్తున్నరు. వాడు వంగి టబ్బుల ప్లేట్లు కడుగుడు మొదలువెట్టిండు. అది గూడ నాకు కోపమే.

షావుకారి ఊకుంటడా? నలుగురికీ రానిది నాకొక్కనికే వచ్చిందని ఊరంత చాటుకున్నడు. పట్నంల వాళ్ల పిల్ల కోసం ఎవడో పైసలు కక్కుతున్నడన్నడు. మిగిలిన నలుగురు పెద్దమనుషుల కాడికి ఉరికిండ్రు. ఆదివారం రమ్మని మాకు ఫోనొచ్చింది. నాయిన ఆ రోజు అడ్డాకు పోలే. గోడ పక్కన కూసున్నడు. ఇంక పండుకోలే గని, కూసునుడైతే గోడ దిక్కే.

అమ్మ నేను ఆలోచన చేసినం. చెలక నిలబడాలంటే దారి ఒక్కటే. ఆ పైసలు మా ఇంటివి గావని తేలాలె. వాడు పరాయోడు, దారిన పొయ్యేటోడు, ఒక ముసలామెను తిడుతుంటే చూడలేక జాలిపడి ఇచ్చిండు. పరాయోడు ఇస్తే మేము మాట తప్పినట్టు గాదు. మావోడు ఇస్తే తప్పినట్టే.

ఆదివారం పొద్దుగాల రైలుకు మేము పోయేసరికే వాడు, అమ్మ రమ్మన్నదని, కాచిగూడ స్టేషన్ల నిలబడి ఉన్నడు. రైలెక్కినంక వాన్ని డోరు కాడికి పిలిచి చెప్పిన, "నువ్వు మాకు ఏం కావు. జాలిపడి ఇచ్చిన అని ఒక్క మాట చెప్పి కూసో. నీ తెలివి చూపియ్యకు."

"ఏం కానా?" అన్నడు.

"ఏం కావు."

తలూపిండు. తొవ్వంత కిటికీల నుంచి బయటికే చూసుకుంట కూసున్నడు.

గ్రామపంచాయతి ఆఫీసు ముందట కుర్చీలేసి ఉన్నయి. పెద్దమనుషులు కుర్చీల మీద, పట్నమోడని వీడు గూడ ఒక కుర్చీల, అప్పులోళ్లు అరుగు మీద, నాయిన కింద మట్టిల. కూసో అని ఎవరు గూడ అనలే, ఆయనే కింద కూసున్నడు. వీడు లేసి నేర్పిన మాట నేర్పినట్టు చెప్పిండు. జాలేసింది, ఇచ్చిన, వీళ్లకు తెల్వదు అన్నడు. నడిమిట్ల కూసున్న తెల్లమీసాల తాత తలూపుతున్నడు. పని అయినట్టే అనుకున్న.

అమ్మ ఎండల నిలబడ్డది. వీడు కూసోబోయి, ఆమెను చూసి, తన కుర్చీ జరిపి, "మీరు కూసోండి అత్తమ్మా" అన్నడు.

తాత తలూపుడు ఆపిండు. "అత్తమ్మనా?"

అరుగు మీద నలుగురు ఒక్కసారే లేసిండ్రు. చూసిండ్రా, మేం చెప్పలే, అల్లునితోని చాటుగ కట్టిపిచ్చి మాకు నామం పెడుతున్నరు, చెలక రాయుండ్రి అని ఒకటే గోల. తాత చెయ్యెత్తి వాళ్లను ఊకోమని, వీన్ని అడిగిండు. "ఏం పిలగా, సక్కగ చెప్పు. ఈ పిల్లను చేసుకునేది ఉన్నదా నీకు?"

వాడు లేదనాలె. అంతే. బతుకంత ఆడోళ్లతోని అబద్ధాలాడినోనికి ఒక్క అబద్ధం ఎంత పని. వాడు నా దిక్కు చూసిండు. "ఉన్నది తాతా" అన్నడు. "చేసుకుంట."

నాయిన తలెత్తి వాన్ని చూసిండు. నాయిన మొకం అట్ల నేనెప్పుడు చూడలే, నా లగ్గం మాట విని సంతోషం ముందుగాల వచ్చింది, ఎనుకనే చెలక యాదికొచ్చి అదంత కారిపోయింది. నా కండ్ల ముందటనే ఆయన మెడ మళ్ల వంగుతున్నది.

నేను ముందటికి పోయిన. ఇంత గట్టిగ మాట్లాడుత అని నాకే తెల్వదు. "తాతా, ఈయన మాటలు పట్టుకోకుండ్రి. ఈయన సుల్తాన్ బజార్ల చీరలమ్ముతడు. మా బండి కాడికొచ్చే ప్రతి హాస్టల్ పిల్లకు గిట్లనే చెప్తడు. బిడ్డలున్న తల్లులందరినీ అత్తమ్మ అనే పిలుస్తడు. అశోక్ నగర్ల ఎవరినన్న అడగుండ్రి. ఈయనను మేమందరం లఫంగా అనే పిలుస్తం. నాకు ఈయన ఏం కాడు."

తాత వాని దిక్కు తిరిగి, "నిజమేనా పిలగా?" అన్నడు.

వాడు నన్నే చూస్తున్నడు. నేను చూపు తిప్పలే. వాని మొకం మీదికి షాపుల నవ్వు వచ్చింది, గిరాకి ముందట చీర పరిచేటప్పటి నవ్వు. "అలవాటు తాతా" అన్నడు. "మాట తీపి లేకుంటే చీరలు పోవు. ఈమెకొక్కదానికే చెప్పిన్నా? శానమందికి చెప్పిన. ఏం మనసుల పెట్టుకోకుండ్రి."

అరుగు మీదోళ్లు నవ్విండ్రు. పట్నం పోరగాళ్లు గంతే అన్నడొకడు. వాడు గూడ వాళ్లతోని కలిసి నవ్విండు, ఒకాయన భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పి ఇంకింత నవ్విచ్చిండు. వాన్ని చంపాలన్నంత కోపం, వాని కాళ్ల మీద పడాలన్నంత దుఃఖం, రెండూ ఒక్కసారే వచ్చినయి నాకు.

తాత నవ్వలే. "బిడ్డా, నీ నోటితోని చెప్పు. ఇయ్యాల ఏం లేదని, రేపు ఇతనితోనే లగ్గం పెట్టుకుంటే మమ్ముల మోసం చేసినట్టే. అప్పుడు చెలక అడగకుండనే పోతది. ఉన్నదా, ఉంటదా?"

"లేదు" అన్న. "ఉండదు."

చెలక నిలబడ్డది. షావుకారి పైసలు పరాయోని కానుక కింద పోయినయి, మిగిలిన నలుగురికీ ఎప్పటి లెక్కనే సమానం. వాని బైకు పైసలు వానికి తిరిగి ఇచ్చే దారి గూడ మూసుకపోయింది. ఇస్తే అది మా అప్పే అని ఒప్పుకున్నట్టు గదా. ఊరోళ్లకు ఎవల బాకీ ఎవలు కడుతున్నరో చూసుడు తప్ప ఇంకో పని లేదు.

తిరుగు రైలుల పట్నం కూలికి పొయ్యే మా ఊరోళ్లు నిండుగ ఉన్నరు. వాడు డబ్బ ఆ కొసకు పోయి నిలబడ్డడు. కాచిగూడల దిగినంక అమ్మ నా చెయ్యి గుంజి, "పిలువరాదే, చాయ్ అన్న తాగి పోతడు" అన్నది గుసగుసగ. మా ఎనుక ఊరోళ్లు మూటలు దించుకుంటున్నరు. నేను పిలువలే. వాడు తిరిగి చూడకుండ మెట్లెక్కి పోయిండు. ఎవడన్న చూస్తున్నడేమోనని మా కోసమే గట్ల పోయిండని నాకు తెలుసు. తెలిసి గూడ తిట్టుకున్న.

మళ్ల బండి కాడికి రాలే. ఈ ఎండకాలంల వానికి లగ్గమైందని అమ్మ ఎవరి దగ్గరనో తెలుసుకొని వచ్చింది. పిల్ల ఎవరో చెప్పబోయింది, వద్దన్న. ఇంకొక్క పంట వస్తే మా అప్పు తీరుతది, చెలక పోతదనే భయం గూడ తీరుతది. ఆ ఒక్క పంటకు వాడు ఆగొచ్చు గదా అని చెడ్డ కోపమొచ్చింది. ఆగమని చెప్పింది ఎవరు? ఉండదని ఊరందరి ముందట చెప్పిందే నేనైతి.

మొన్న వానలు పడ్డంక నాయిన ఊర్లె నుంచి ఫోన్ చేసిండు. గొంతుల మస్తు హుషారు. "కందులు సక్కగ మొలిచినయి బిడ్డా, రాళ్ల పక్క గూడ మొలిచినయి" అన్నడు.

"మంచిగైంది నాయినా" అన్న. ఫోన్ పెట్టేసి, ఆ చెలకను నోటికొచ్చినట్టు తిట్టిన.